సున్నం తగలని చేతులు

నా మాటల్లో కొంత తరుగు తీసేసి వినాలి. ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద. మాది వేంపల్లె. పాపాఘ్ని ఏటికి మోకాలి లోతు నీళ్ళు వస్తే, అవి నా నోట్లోకి వచ్చేసరికి మెడ దాకా లేస్తాయి. చీమ కుడితే తేలంటాను, తేలు కుడితే పామంటాను. మా ఆవిడకు ఇది తెలుసు కాబట్టి, నేను సంతకు పోయి వచ్చి ఏం చెప్పినా సగానికి కోసి, మిగిలిన దాంట్లోంచి ఇంకో గుప్పెడు తీసి పక్కన పెట్టి, అప్పుడు నమ్ముతుంది. మీరూ అట్లాగే చేయండి.

ఉద్యోగం దిగి ఎంతో కాలం కాలేదు. తలలో సగం వెంట్రుకలు పెన్షన్ తీసుకున్నాయి, తక్కినవి ఇంకా సర్వీసులోనే ఉన్నాయి. మా పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నా వీడ్కోలు నాడు అడిగారు, "మీ కాలంలో ఏదైనా పెద్ద పని చేశారా సార్" అని. పెద్ద పని ఏదీ చేయలేదు. ఒక పెద్ద రోజును మాత్రం పక్కన నిలబడి చూశాను. అది చెబుతాను. ఇందులో నేను కల్పించింది ఏదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. అందాకా మీ తరుగు మీరు తీసుకుంటూ రండి.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఊళ్ళో మేడలు పెద్దవాళ్ళకే చాలక, ఆఫీసులు గుడారాల్లో పెట్టారు. ఎండాకాలంలో ఆ గుడారాల కింద సీలు వేసే లక్కకు అగ్గిపుల్ల అక్కర్లేదు. గాలిదుమారం లేచిన రోజు ఒక శాఖ కాగితం ఎగిరిపోయి ఇంకో శాఖ బల్ల మీద పడేది. అక్కడి అధికారి అది తనదే అనుకుని సంతకం చేసి పంపేవాడు. కొన్ని పనులు ఆ గాలి పుణ్యాన్నే త్వరగా అయ్యాయని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఆ గుడారాల వరుసలో అన్నిటికంటే చివరిది, గాడిదలు వచ్చి వీపు గోక్కునే గుంజ ఉన్నది, మాది. పాతకాలపు గుళ్ళూ రాళ్ళూ చూసుకునే చిన్న విభాగం. అందులో నేను ట్రేసర్‌ని. రాతి మీద ఉన్న బొమ్మకు పల్చటి కాగితం ఆనించి, కింద కనబడే గీతనే పెన్సిలుతో పైకి తెచ్చుకోవాలి. అక్కడ లేని గీత ఒక్కటి కూడా గీయకూడదు. నాలాంటి వాడికి ఇంతకంటే కఠినమైన శిక్షను ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేదు. నోటితో చేసిన పాపానికి చేతితో ప్రాయశ్చిత్తం చేయించారు.

మా పై అధికారిని మేము పెద్దాయన అనేవాళ్ళం. రాజంపేట మనిషి. ఎంత సన్నగా ఉండేవాడంటే, మిట్టమధ్యాహ్నం ఆయన నీడ ఆయన కంటే ఒడ్డుగా ఉండేది. పెన్షన్‌కు దగ్గర పడ్డాడు. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదని గుడారాల్లో చెప్పుకునేవాళ్ళు. నేను ఒక్కసారి చూశాను. అది ఈ కథలోనే వస్తుంది.

ఓర్వకల్లు దగ్గర రాళ్ళ కొండల్లో ఆయనకు ఒక చోటు దొరికింది. పాము పడగ విప్పినట్టు ఒక బండ ముందుకు వంగి ఉంటుంది. దాని కింద నలుగురైదుగురు సుఖంగా పడుకోవచ్చు. నా లెక్కలో అయితే ఒక పెళ్ళివారు. ఆ బండ లోపలివైపు ఎర్రటి బొమ్మలు. ఒక జింకల గుంపు, మూపురమున్న ఎద్దు, విల్లు పట్టుకున్న మనిషి, చుక్కల వరుసలు. వాటికి పైన, నిచ్చెన వేస్తే తప్ప అందని ఎత్తులో, చేతులు. అరచేతిని ఎర్రరంగులో ముంచి రాతికి ఆనించిన గుర్తులు. రాత అనేది పుట్టకముందు, లోహమంటే ఏమిటో తెలియక రాతితోనే కోసుకుని రాతితోనే కొట్టుకుని బతికిన మనుషుల చేతులు అవి అని పెద్దాయన అనేవాడు. తక్కిన గుడారాలవాళ్ళు గొర్రెల కాపరులు పొద్దుపోక గీసుకున్నారనేవాళ్ళు.

మొదటిసారి నన్ను అక్కడికి తీసుకుపోయినప్పుడు ఆయన జింకల్ని చూపలేదు. తల పైకెత్తి వేలు చూపించాడు.

"ఆ పెద్ద చేతుల పక్కన చిన్నది ఒకటి ఉండాది, చూస్తివా?"

"చూసినా సార్. బిడ్డది."

"ఎంత ఎత్తులో ఉండాది?"

"నాకే అందదు సార్."

"నీకే అందకపోతే ఆ బిడ్డకు ఎట్ల అందె?"

"ఆ కాలంలో బిడ్డలు పొడుగేమో సార్," అన్నాను.

ఆయన నా వంక చూసిన చూపుకు పక్కనున్న బండ అయితే పగిలేది. తర్వాత మెల్లగా అన్నాడు. "ఎవరో ఎత్తుకున్నారప్పా. రాయి మీద ఎక్కి నిలబడి, బిడ్డను పైకెత్తి పట్టుకున్నారు. ఆ పని చేస్తే కడుపు నిండదు. చలి తీరదు. మృగం దొరకదు. అయినా చేసినారు. మేము ఈడ ఉంటిమి, ఈ బిడ్డ కూడా ఉండె అని చెప్పాలనిపించింది వాళ్ళకు. చెప్పడానికి అక్షరం ల్యాకపోయె. చెయ్యి ఉండె."

నేను అప్పటికి కుర్రవాణ్ణి. ఆ మాట లోతు నాకు ఎక్కలేదు. కాగితం ఆనించి నిచ్చెన మీద నిలబడి ఆ చిన్న చేతిని గీస్తుంటే మాత్రం, నా పెన్సిలు ఎందుకో కొంచెం నెమ్మదిగా నడిచింది. ఇది తరుగు తీయకుండా నమ్మండి.

ఇంతలో ముప్పు వచ్చింది. కొత్త రాజధానికి రోడ్లు కావాలి, రోడ్లకు కంకర కావాలి. ఆ కొండను కంకర కోసం గుర్తు పెట్టారు. అవతలి పక్కన మందు పెట్టి పేల్చడం మొదలుపెట్టారు కూడా. పేలినప్పుడల్లా మా పడగబండ కింద దుమ్ము రాలేది. పెద్దాయన ఆ ఒక్క బండ చుట్టూ వదిలేయమని పైకి రాశాడు, మళ్ళీ రాశాడు, మళ్ళీ మళ్ళీ రాశాడు. కాగితం మీద నేను తెచ్చిన గీతలు చూపిస్తే, "కాగితం మీద బొమ్మ ఎవరైనా గీస్తారు కదండీ" అన్నారు. చివరకు కట్టడాల పనులు చూసే పెద్ద అధికారి ఒకాయన, తానే వచ్చి కళ్ళారా చూస్తాననీ, చూసింది చూసినట్టు అక్కడే తేల్చేస్తాననీ చెప్పాడు. ఆ బండ మిగలాలా, రోడ్డు కింద కంకర కావాలా అన్నది ఆయన చూసే ఆ కాసేపటి మీదే ఆధారపడింది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. మాకు ఆ చోటు దొరికిన కొత్తలో కాపరులు వానొస్తే ఆ బండ కిందే పొయ్యి పెట్టుకునేవాళ్ళు. పొగకు బొమ్మలు నల్లబడుతున్నాయి. పెద్దాయన కొండ కింది ఊళ్ళోకి పోయి ఆ ఊరి రెడ్డి అరుగు మీద కూర్చున్నాడు. రెడ్డికి మెట్ట చేలు, పెద్ద మీసాలు, వాటికంటే పెద్ద గొంతు ఉండేవి. గడప లోపల అతని తల్లి, మేము అవ్వా అని పిలిచే ముసలామె, చాటలో కొర్రలు చెరుగుతూ కూర్చుని ఉంది.

"ఆ చోటును గుడి మాదిరి చూసుకోండప్పా," అన్నాడు పెద్దాయన.

"గుడి అంటే యా దేవుడు సామీ?" అన్నాడు రెడ్డి.

"దేవుడు కాదు. మీ పెద్దోల్లు. దేవుళ్ళ కంటే ముందోల్లు."

లోపలి నుంచి చాట చప్పుడు ఆగింది. "ఆ మాట ముందే చెప్పకూడదా నాయనా," అంది అవ్వ. "ఇన్నేండ్లు దీపం ల్యాకుండా పెట్టినాము. ఎవురో గీసిపోయినారులే అనుకుంటిమి."

"ఇప్పుడన్నా చూసుకో అవ్వా."

"చూసుకోకేం. పెద్దోల్లను చూసుకోకపోతే మేమెందుకు."

ఆనాటి నుంచి అక్కడ పొయ్యి వెలగలేదు. కాపరులు ఆ బండ దగ్గరికి వస్తే చెప్పులు విడిచేవాళ్ళు. పెద్దాయన సంతోషించాడు. ప్రభుత్వ ప్రచారం అంత బాగా ఫలించడం నా సర్వీసులో నేను మళ్ళీ చూడలేదు. పెద్ద అధికారి వచ్చే రోజు ఖాయం కాగానే పెద్దాయన రెడ్డికి కబురు చేశాడు, పెద్ద దొర వస్తున్నాడు, దోవలో కంపచెట్లు కొట్టించమనీ, చోటు బాగుండాలనీ. అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

ఆ రోజు వచ్చింది. పొద్దున్నే జీపులో బయలుదేరాం. ముందు పెద్ద అధికారి, వెనక పెద్దాయనా నేనూ. ఆ జీపు ఎంత పాతదంటే, దాని మీదే ఒక ట్రేసర్‌ను వేయవలసింది. ఓర్వకల్లు దాటి కొండల మొగం పట్టాక, పెద్ద అధికారి ముందుకు చూసి అన్నాడు.

"అక్కడ గుడి కూడా ఉందా?"

నేను చూశాను. ఎండలో కొండ నడుమ తెల్లగా ఏదో మెరుస్తోంది. కొండ పళ్ళు బయటపెట్టినట్టుంది. పెద్దాయన వంక చూశాను. ఆయన ముందు సీటు కమ్మీని పట్టుకున్నాడు. ఆ పట్టు మళ్ళీ జీపు ఆగేదాకా వదల్లేదు.

మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. గుడికి పెద్ద మనిషి వస్తున్నాడంటే మా సీమలో ఏం చేస్తారు? సున్నం కొట్టి జాజు అనే ఎర్రమన్నుతో పట్టెలు తీరుస్తారు. మాసిన గుడిని పెద్దల ముందు పెడితే ఊరంతటికీ అవమానం. ఊరి ఆడవాళ్ళంతా కలిసి బండ లోపలివైపు మొత్తం సున్నం కొట్టారు. అంచులకు ఎర్రజాజు పట్టెలు తీర్చారు. మామిడాకులు కట్టారు. అంతటితో ఆగితే వాళ్ళు మా వాళ్ళెట్లా అవుతారు. సున్నం కింద పోయిన బొమ్మలన్నిటినీ మళ్ళీ వేశారు, అదే కొండలో దొరికే అదే జాజు నూరి. జింకలు బాగా బలిసాయి. వాటి మెడల్లో గంటలు వచ్చాయి. ఎద్దు కొమ్ముల కొసలకు కుప్పెలు తొడిగారు. విల్లు పట్టుకున్న మనిషికి తలపాగా చుట్టి మీసం పెట్టారు. ఆ మీసం అచ్చం రెడ్డిది.

బండ ముందు రెడ్డి టెంకాయ పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక ఆడవాళ్ళు. అవ్వ చేతులు మణికట్టు దాకా ఎర్రగా, ఆపైన మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"శానా మాసిపోయి ఉండె నాయనా," అంది అవ్వ పెద్దాయనతో. "మీ దొర చూస్తే మమ్మల్ని ఏమనుకుంటాడు. అందుకే కొత్తగా ఏసినాం. ఉన్నవి ఉన్నట్టే ఏసినాం, ఒకటి కూడా పోనీలేదు."

పెద్ద అధికారి జింక మీద వేలు ఆనించాడు. వేలికి ఎరుపు అంటింది. ఆయన ఆ వేలిని పెద్దాయనకు చూపించాడు.

"ఇంకా తడి కూడా ఆరలేదండీ. ఎన్ని వేల ఏళ్ళన్నారు?"

రెడ్డికి ఏదో తేడా జరిగిందని తెలిసిపోయింది. అంత పెద్ద గొంతూ అణిగిపోయింది. "ఏమన్నా తప్పు జరిగెనా సామీ? మేము మర్యాద చేస్తిమి."

"ప్రభుత్వం పరిశీలిస్తున్న చోటును పాడుచేశారు," అన్నాడు పెద్ద అధికారి, రెడ్డితో కాదు, పెద్దాయనతో. "కేసు పెట్టించమంటారా? మీరు రాసివ్వండి, నేను పంపుతాను."

ఊరంతా పెద్దాయన నోటి వంక చూసింది. నేనూ చూశాను. అన్నాళ్ళ ఆయన తపనను ఒక్క కుంచెతో తుడిచేసిన వాళ్ళు ఎదురుగా టెంకాయ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన రాసిస్తే, ఎవరో పాడుచేశారు కాబట్టి పాతవి అక్కడ ఉండేవని కాగితం మీద రుజువయ్యేది. అది ఆయనకు తెలియదనుకోను.

"పాడుచేసినోళ్ళు ఎవరూ ల్యారు సార్," అన్నాడు. "గుడి మాదిరి చూసుకోమని చెప్పింది నేను. వాళ్ళు చూసుకున్నారు."

అని బండ కిందికి పోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. జింకలున్న చోట, చుక్కలున్న చోట, అంతా తెలుపు. వెనక్కి తిరగబోతూ అలవాటు కొద్దీ తల పైకెత్తాడు. అలాగే ఉండిపోయాడు.

నేను పక్కకు పోయి చూశాను. పైన సున్నం ఉంది. చేతుల పైనా ఉంది, కిందా ఉంది, అటూ ఇటూ ఉంది. చేతుల మీద లేదు. ఒక్కొక్క చేతి చుట్టూ కుంచె మెత్తగా తిరిగి పోయింది. తెల్లటి సున్నం నడుమ, పాత రాయి పాత రాయిలాగే, పాత చెయ్యి పాత చెయ్యిలాగే. చిన్న చేతి చుట్టూ సందు అయితే వేలంత కూడా లేదు. అంత దగ్గరగా, అంత జాగ్రత్తగా కొట్టారు.

"అవ్వా," అన్నాడు పెద్దాయన. "వీటి మీద ఎందుకు ఏయలేదు?"

అవ్వ ఆయన్ను వింతగా చూసింది. అంత చదువుకున్న మనిషి ఇదేం ప్రశ్న అడుగుతున్నాడని కాబోలు.

"చెయ్యి మీద ఎట్ల ఏస్తాం నాయనా. జింకలు ఎవురు ఏసినా జింకలే. చెయ్యి ఒకరిదే కదా."

"అంటే?"

"నేను మొగునింటికి వచ్చిన దినం గోడ మీద చెయ్యి ఏపిచ్చిరి. ఏటా సున్నం కొట్టేటప్పుడు మా అత్త దాని చుట్టూ కొట్టుకుంటా వచ్చె. మా అత్త చెయ్యి పక్కనే ఉండాది. ఆమె పోయి శానా ఏండ్లాయె. దాని చుట్టూ నేను కొడతాండా. మీద కొడితే మనిషిని తుడిచినట్ల. వీళ్ళు ఎవురో మనకు తెలీదనుకో. తెలీకపోతే మాత్రం తుడిచేస్తామా?" పైకి చూసి అంది. "ఆ బిడ్డను ఎవురో ఎత్తుకోని ఏపిచ్చినారు. పాపం, చెయ్యి నిలిచింది."

పెద్దాయన నవ్వింది అప్పుడే. పెదవులు కొంచెం విడివడ్డాయి, అంతే. ఆ నవ్వును చూసి సంతోషించాలో ఏడవాలో నాకు తోచలేదు.

అప్పుడు పెద్ద అధికారి మా వెనక నుంచి వచ్చాడు. ఆయన కూడా పైకి చూశాడు. నెత్తిన ఉన్న టోపీ తీసేశాడు. వేలికి ఎరుపంటిన తన చేతిని ఆ చిన్న చేతి వైపు ఎత్తి, మధ్యలోనే ఆపుకున్నాడు. తర్వాత, "ఈ కొండను వదిలేయండి" అన్నాడు. రెడ్డి టెంకాయ కొట్టాడు.

ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ మొదట్లోనే మాటిచ్చాను.

జింకల మెడల్లో గంటలు నిజమే, ఎద్దు కుప్పెలు నిజమే, మీసం కూడా నిజమే. పెద్దాయన నీడ దగ్గర కొంచెం, జీపు దగ్గర కొంచెం పెంచాను. అవి మీరు ఎప్పుడో తీసేసే ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, పెద్ద అధికారి టోపీ తీసిన దగ్గర్నుంచి రెడ్డి టెంకాయ కొట్టేదాకా. ఆయన టోపీ తీయలేదు. పైకి చూశాడు, గడియారం చూసుకున్నాడు, "ఆ చేతులు కూడా వీళ్ళవే అయి ఉంటాయి" అన్నాడు. వేలికంటిన జాజును రుమాలుతో తుడుచుకుని జీపెక్కాడు. కొండను కొట్టేయమని ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆయన చేత టోపీ తీయిస్తూనే ఉన్నాను. ఆయన తీసి ఉండవలసింది.

పెద్దాయన కొన్నాళ్ళకు పెన్షన్ పుచ్చుకుని రాజంపేట వెళ్ళిపోయాడు. ఆ బండ పోయిందనుకునే వెళ్ళాడు.

ఆ తర్వాత రాష్ట్రం పెద్దదయింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు మడిచి బండ్లకెక్కించారు. కర్నూలుకు అన్ని రోడ్లు అక్కర్లేకపోయాయి. కంకర గుత్తకు తీసుకున్న మనిషి పనివాళ్ళను తీసుకుని ఇంకెక్కడికో పోయాడు. కొండను ఎవరూ కాపాడలేదు. ఎవరికీ పనికిరాక మిగిలిపోయింది.

నేను హైదరాబాదుకు బయలుదేరే ముందు ఒకసారి ఓర్వకల్లు పోయి వచ్చాను. వానలకు సున్నం చాలామటుకు రాలిపోయింది, దాంతో పాటు అవ్వ జింకలూ పోయాయి. పాతవాటిలో ఒక కాలో ఒక కొమ్మో అక్కడక్కడ కనబడుతున్నాయి. ఊళ్ళోకి పోతే అవ్వ లేదు, ఆ చలికాలమే పోయిందట. రెడ్డి కోడలు గోడకు సున్నం కొడుతోంది. అవ్వ చేతి చుట్టూ, ఆమె అత్త చేతి చుట్టూ కుంచె తిప్పుతోంది.

అక్కడి నుంచి రాజంపేట పోయాను. పెద్దాయన మంచంలో ఉన్నాడు. కొండ మిగిలిందని చెప్పాను. ఆయన నమ్మలేదు. నా సంగతి ఆయనకు తెలుసు.

"నువ్వు పెంచి చెప్తావు కదప్పా," అన్నాడు. "ఏమీ కలపకుండా చెప్పు. నీ కండ్లతో ఏమి చూసినావు?"

"చేతులు ఉండాయి సార్."

"చిన్నది?"

"ఉండాది."

ఆయన ఇంకా ఏదైనా వస్తుందేమోనని నా మొహం వంక చూస్తూ ఉన్నాడు.

"అంతే సార్," అన్నాను.